జర్మనీలో జీఆర్ సుప్రా కొనాలా, కేమన్ లేదా ఆల్పీన్ వైపు మొగ్గాలా?

నెకర్ ఒడ్డు, స్టుట్‌గార్ట్:

మిత్రులందరికీ నమస్కారం.

స్టుట్‌గార్ట్‌లో స్థిరపడి తొమ్మిదేళ్లయింది. పిల్లవాడి బడికి, వారాంతపు సరుకులకు, ఏటా వేసవిలో రాజమండ్రి నుంచి వచ్చే అమ్మానాన్నలను తిప్పడానికి ఒక పాత ఎస్టేట్ కారు ఉంది కనుక, ఇప్పుడు కొనబోయే రెండో కారుకు వెనక సీట్లు ఉండి తీరాలన్న షరతు పెట్టుకోలేదు. ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చిన కోరిక తీర్చుకుందామని సెకండ్‌హ్యాండ్‌లో ఒక మంచి కూపే కోసం రెండు నెలలుగా వెతుకుతున్నాను. మొదటినుంచీ మనసులో ఉన్నది టొయోటా జీఆర్ సుప్రా, అందులోనూ మూడు లీటర్ల ఇంజను, మాన్యువల్ గేర్లు ఉన్నది. అయితే నా దగ్గరున్న డబ్బుకు 2017, 2018 నాటి పోర్షే 718 కేమన్ ఎస్, తొలి సంవత్సరాల ఆల్పీన్ ఏ110, బీఎమ్‌డబ్ల్యూ ఎం2 కాంపిటీషన్ కూడా అందేటట్టున్నాయి.

నాలుగింటినీ ఒక్కో అరగంట నడిపి చూశాను. అరగంటలో ఏ కారు గుణమూ పూర్తిగా బయటపడదని తెలుసు, అయినా గమనించినవి రాస్తున్నాను. సుప్రాలో కూర్చుంటే ఎదురుగా పొడవాటి బానెట్, ఇరుకైన ముందు అద్దం, తలకు ఆనీ ఆననట్టున్న పైకప్పు. నేనేమీ అంత పొడగరిని కాకపోయినా దిగేటప్పుడు రెండుసార్లు తల తగిలించుకున్నాను. దాని ఇంజను మాత్రం ఎంత వేగంలోనైనా వణుకన్నది లేకుండా లాగింది. కేమన్‌లో స్టీరింగు పట్టుకున్న మొదటి మలుపులోనే రోడ్డు గరుకుదనం అరచేతికి తెలిసింది, కాని వెనక నుంచి వచ్చే నాలుగు సిలిండర్ల చప్పుడు ఆ కారు రూపానికి తగినట్టు నాకు అనిపించలేదు. ఆల్పీన్‌లో చక్రాలు ఎగజిమ్మిన చిన్న రాళ్లు అడుగున తగిలి టకటకలాడటం కూడా వినిపించింది, అది ఎందుకో నాకు నచ్చింది. ఎం2 వేగానికి కొంచెం భయపడ్డానని ఒప్పుకోవాలి.

ఇక అసలు సందేహం. మా ఆఫీసులో సగం మందికి పోర్షేతో ఏదో ఒక బంధుత్వం ఉంటుంది. ఎవరో ఒకరి నాన్న త్సుఫెన్‌హౌజెన్ కర్మాగారంలో పనిచేసి ఉంటారు. సుప్రా మాట ఎత్తగానే వాళ్లు నవ్వి, అది టొయోటా బిళ్ల తగిలించిన బీఎమ్‌డబ్ల్యూ తప్ప జపాన్ కారే కాదని, ఇంజనుతో సహా లోపలిదంతా బీఎమ్‌డబ్ల్యూ సొంతగడ్డ బవేరియాదేనని అంటున్నారు. ఆ మాటలో నిజం ఎంత? దాన్ని పక్కన పెట్టినా, నడిపే విషయంలో ఈ ఐరోపా కార్ల ముందు సుప్రా నిజంగా నిలబడుతుందా, లేక చిన్నప్పటి ఆకర్షణ వల్ల నేనే దాన్ని పైకెత్తి చూస్తున్నానా? వీటిలో దేన్నైనా కొంతకాలం సొంతంగా వాడినవారు చెబితే బాగుంటుంది.

ఆరు సిలిండర్ల ఆసామి, ఆగ్స్‌బుర్గ్:

నెకర్ ఒడ్డు గారూ, రెండున్నరేళ్లుగా మాన్యువల్ సుప్రా వాడుతున్నాను. అంతకుముందు నా దగ్గర ఒక పాత కేమన్ ఉండేది. కాబట్టి రెండు వైపులా కొంత మమకారం ఉన్నవాడిగా నా మాటలను తీసుకోండి.

ముందు కొలతలు చూడండి. సుప్రా ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 2,470 మిల్లీమీటర్లు. 718 కేమన్‌కు అది 2,475. ఒకటి ముందు ఇంజనుతో, మరొకటి సీట్ల వెనక ఇంజనుతో నడిచే కార్లు కాగా, ఈ ఒక్క కొలతలో తేడా అయిదు మిల్లీమీటర్లే. ఇది కాకతాళీయం కాదు. సుప్రా చీఫ్ ఇంజనీరు తెత్సుయా టాడా కేమన్‌ను ముందు పెట్టుకునే పని మొదలుపెట్టారు. తాను అంతకుముందు రూపొందించిన టొయోటా జీటీ86 కంటే వీల్‌బేస్‌ను వంద మిల్లీమీటర్లు తగ్గించి, ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పును పెంచి, ఆ రెండు కొలతల నిష్పత్తిని 1.55 దగ్గర నిలిపారు. పొట్టిగా, వెడల్పుగా ఉన్న కారు మలుపులోకి చటుక్కున తిరుగుతుంది. సుప్రా బానెట్ పొడవు చూసి అది బద్ధకంగా తిరుగుతుందని అనుకున్నవాళ్లందరూ మొదటి మలుపులోనే ఆశ్చర్యపోతారు. మీరు దాదాపు వెనక ఇరుసు మీదే కూర్చుని ఉంటారు కనుక, కారు ముక్కు దూరంగా ఎక్కడో తిరుగుతున్నట్టు, మీ నడుము దగ్గరే ఇరుసు ఉన్నట్టు తోస్తుంది.

అంతమాత్రాన అది కేమన్ అయిపోలేదు. కావడి మోసేవాడు దారిలో వెనక్కు తిరగాలంటే రెండు కొసలా వేలాడే బరువు అతన్ని ఎంత లాగుతుందో, అదే నీళ్లబిందెను చంకన పెట్టుకున్న మనిషి ఎంత సులువుగా తిరుగుతుందో ఊహించండి. కేమన్, ఆల్పీన్ బిందె చంకన పెట్టుకున్నవి. సుప్రా తన ఇంజనును ముందు ఇరుసుకు వీలైనంత వెనక్కు జరుపుకుని బరువును రెండు ఇరుసుల మీద సగం సగంగా పంచుకుంది కాని, కావడి కావడే. వెంట వెంటనే కుడి ఎడమలుగా వచ్చే మలుపుల్లో ఆ తేడా మీ చేతులకు తెలుస్తుంది. స్టీరింగు విషయంలోనూ మీరు గమనించింది సరైనదే; సుప్రా స్టీరింగు కచ్చితంగా ఉంటుంది, కాని రోడ్డు సంగతులు కేమన్ చెప్పినన్ని చెప్పదు.

మరి దాన్ని వదిలి దీన్ని ఎందుకు కొన్నానంటే, ఇంజను కోసం. మూడు లీటర్లు, 340 హార్స్‌పవర్, నిమిషానికి 1,600 చుట్ల దగ్గరే అందే 500 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) అనేవి కాగితం మీది అంకెలు. అసలు రుచి ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉండటంలో ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, 180 డిగ్రీలు తిరిగినప్పుడొకసారి ఇంధనం మండితే, ఆరింటిలో ప్రతి 120 డిగ్రీలకూ మండుతుంది. ఒక రోట్లో ఇద్దరు దంచడానికీ, ముగ్గురు ఒకరి వెంట ఒకరు పోటు వేయడానికీ ఉన్న తేడా అది. ముగ్గురు దంచుతుంటే పోటుకూ పోటుకూ మధ్య ఖాళీ చెవికి అందదు. పైగా పైకీ కిందకీ కదిలే పిస్టన్ల ఊపు ఒకదానికొకటి సరిపోయి రద్దవుతుంది కనుక, వణుకు అణచడానికి ప్రత్యేకంగా బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టాల్సిన అవసరం ఉండదు. 718 కేమన్ ఎస్ 2.5 లీటర్ల ఇంజను 350 హార్స్‌పవర్ ఇస్తుంది, బరువేమో సుప్రా కంటే ఒక పెద్దమనిషి బరువంతకు పైగా తక్కువ. అంకెల్లో అది గెలుస్తుంది. కాని ఉదయం ఏడింటికి చలిలో తాళం తిప్పినప్పుడు వినిపించే దానితోనే కదా మనం రోజూ కాపురం చేయాలి.

ఆరు సిలిండర్ల కేమన్ కావాలంటే 2020లో వచ్చిన జీటీఎస్ 4.0 ఉంది. అది మీ బడ్జెట్ దాటుతుంది, పైగా దాని గేర్లు చాలా పొడవు; రెండో గేరులోనే గంటకు 130 కిలోమీటర్లు దాటిపోతుంది. ఊళ్ల బయట వంద పరిమితి ఉన్న ఈ దేశపు రోడ్ల మీద ఆ ఇంజను పైస్థాయిలో పాడే పాట వినాలంటే రెండో గేరు కూడా పూర్తిగా వాడుకోలేం.

మాన్యువల్ సుప్రా విషయంలో టొయోటా గేర్‌బాక్స్ ఒక్కటే మార్చి ఊరుకోలేదు. 2022లో దాన్ని ప్రకటించినప్పుడు ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ దాటాక చక్రాలకు ముందు వచ్చే చివరి గేరు) నిష్పత్తిని ఆటోమేటిక్‌లోని 3.15 నుంచి 3.46కు మార్చారు, అంటే ప్రతి గేరూ కొంచెం పొట్టిదైంది. గంటకు వంద కిలోమీటర్లు అందుకోవడానికి ఆటోమేటిక్‌కు 4.3 సెకన్లు, మాన్యువల్‌కు 4.6 పడుతుంది. ఆ 0.3 సెకన్ల కోసం బాధపడేవారు ఆటోమేటిక్ కొనుక్కోవచ్చు, జెడ్‌ఎఫ్ కంపెనీ చేసిన ఆ ఎనిమిది గేర్ల పెట్టె చాలా మంచిది కూడా.

కొన్ని పనికొచ్చే మాటలు. రెండు కిటికీలూ దించి కొంచెం వేగంగా వెళితే లోపల గాలి చెవుల్లో డప్పు కొట్టినట్టు మోగుతుందని ఈ కారును సమీక్షించినవాళ్లలో చాలామంది రాశారు. కాబట్టి ఒక కిటికీతో సర్దుకోవడం నేర్చుకోవాలి. మీకు గ్యారేజీ ఉంటే సీజన్ నంబరు పలక తీసుకోండి, మార్చి నుంచి అక్టోబరు వరకే పన్ను, బీమా కట్టుకోవచ్చు. అయితే మిగతా నెలల్లో కారును వీధిలో నిలిపి ఉంచడానికి కూడా వీలుండదని మరవకండి. ఎవరి దగ్గర చూసినా మీరు వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పండి. నాకు ఒక విక్రేత ప్రతిసారీ వేడెక్కించిన కారే చూపించాడు, మూడోసారికి ఎందుకో అర్థమైంది.

ఘాట్‌రోడ్ బాటసారి, గ్రెనోబుల్:

ఆసామి గారు ఇంజను గురించి రాసింది చదివితే నాకూ సుప్రా కొనాలనిపించింది. కాని ఆయన బరువును ఒక్క వాక్యంలో దాటేశారు, నేను అక్కడే ఆగుతాను.

నా ఆల్పీన్ బరువు 1,103 కిలోలు. సుప్రా 1,500కు అటూఇటూగా ఉంటుంది, ఎం2 కాంపిటీషన్ ఇంకా కొంచెం ఎక్కువ. నాలుగు వందల కిలోల తేడా అంటే అయిదుగురు మనుషులను దింపేసి నడపడం లాంటిది. దీనివల్ల కలిగే మేలు వేగం ఒక్కటే కాదు. బరువైన కారును మలుపులో ఒరిగిపోకుండా పట్టి ఉంచాలంటే స్ప్రింగులు బిగించాలి, టైర్లు వెడల్పు చేయాలి, బ్రేకులు పెంచాలి. వాటితో మళ్లీ బరువు పెరుగుతుంది. తేలిక కారుకు ఆ అవస్థ లేదు. ఆల్పీన్ స్ప్రింగులు మెత్తగా ఉంటాయి, మలుపులో కొంచెం ఒరుగుతుంది, ఆ ఒరగడంలోనే టైరు ఎంత పట్టు మీద ఉందో మనకు చెబుతుంది. గ్రెనోబుల్ నుంచి దక్షిణానికి దిగే నెపోలియన్ రోడ్డు మీద అతుకులు వేసిన తారు చాలా ఉంటుంది. అక్కడ బిగువైన సస్పెన్షన్ ఉన్న కారు చిన్న చిన్న గెంతులు వేస్తుంటే ఇది చాప పరిచినట్టు పోతుంది.

అంత బరువు ఎలా తగ్గించారో చూస్తే వీళ్ల పిసినారితనం మీద గౌరవం కలుగుతుంది. చట్రం, పైతొడుగు దాదాపు మొత్తం అల్యూమినియమే. సాబెల్ట్ కంపెనీ చేసిన తేలిక సీటు ఒక్కొక్కటి 13.1 కిలోలు. పార్కింగ్ బ్రేకుకు వేరే యంత్రాంగం పెట్టకుండా వెనక చక్రాల బ్రేకులోనే ఇమిడ్చి రెండున్నర కిలోలు మిగిల్చారు. మన ఇళ్లలో పెళ్లి ఖర్చు తగ్గించేటప్పుడు పెద్దవాళ్లు చీటీ పట్టుకుని ఒక్కో పద్దూ కొట్టేస్తారే, అచ్చం ఆ పద్ధతి.

లోపాలు దాచను. క్లచ్ పెడల్ లేదు. ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఒక్కటే దొరుకుతుంది, మీకు మాన్యువల్ తప్పనిసరి అయితే ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. ముందు డిక్కీ వంద లీటర్లు, వెనకది 96, రెండూ లోతు లేనివే. హైదరాబాద్ విమానానికి తీసుకెళ్లే 23 కిలోల పెట్టె ఏ డిక్కీలోనూ పట్టదు. తేలిక సీటుకు వీపు వాల్చే వీలు ఉండదు, ఎత్తు మార్చాలంటే పానాలు తీయాలి. మీ ఇంట్లో ఇద్దరూ నడిపేటట్టయితే ఈ సంగతి ముందే చూసుకోండి. ఆటోబాన్ మీద 200 వేగంలో రెండు గంటలు కూర్చోవడానికి నేనైతే దీన్ని ఎంచుకోను.

మీ ఆఫీసువాళ్ల వాదన మాత్రం నాకు నవ్వు తెప్పించింది. నా కారు ఉత్తర ఫ్రాన్స్ తీరంలోని దియెప్‌లో తయారైంది. జాన్ రెదెలే 1955లో ఆల్పీన్ సంస్థను స్థాపించింది ఆ ఊరి మనిషిగానే. 1973లో తొలి ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ గెలిచింది ఆ కంపెనీయే. ఇంతకంటే ఫ్రెంచి కారు ఏముంటుంది? అయినా ఇందులోని 1.8 లీటర్ల ఇంజను రెనో, నిస్సాన్ కూటమి ఇంజనీర్లు రూపొందించింది. ఇక జపాన్ నెత్తురు ఎందులో ఎంత ఉందో ఎలా కొలుస్తారు?

నగోయా తెలుగువాడు:

నేను కార్ల విడిభాగాల రంగంలో పనిచేస్తాను. సుప్రా గాని, దాని పోటీదార్లు గాని నా దగ్గర లేవు. సుప్రా జపాన్ కారేనా అన్న ప్రశ్నకు మాత్రం నాలుగు మాటలు చెప్పగలను.

ఆఫీసువాళ్లు చెప్పిన విషయాలు నిజమే. టొయోటా, బీఎమ్‌డబ్ల్యూ 2011 డిసెంబరులో డీజిల్ ఇంజన్ల సరఫరా, బ్యాటరీ పరిశోధనల కోసం చేతులు కలిపాయి. 2012లో ఆ ఒప్పందాన్ని స్పోర్ట్స్ కారు దాకా విస్తరించి, 2013 జనవరిలో సంతకాలు చేశాయి. ఫలితంగా వచ్చినవే టొయోటా సుప్రా, బీఎమ్‌డబ్ల్యూ జెడ్4. రెండూ ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో మాగ్నా స్టెయర్ కర్మాగారంలో తయారయ్యాయి. ఇంజను బీ58, బీఎమ్‌డబ్ల్యూది. గేర్లు మార్చే పిడి, తెర, మీటలు చూసినా ఎవరివో తెలిసిపోతుంది, వాటిని దాచడానికి టొయోటా ప్రయత్నించనూ లేదు.

అయితే దీన్నుంచి వాళ్లు లాగిన తీర్మానం తప్పు. టొయోటా స్పోర్ట్స్ కార్ల చరిత్ర తిరగేస్తే పొత్తు లేని కారు వెతుక్కోవాలి. 1967 నాటి 2000జీటీ యమహాతో కలిసి చేసింది. టొయోటావారి లెక్సస్ ఎల్ఎఫ్ఏలోని పది సిలిండర్ల వీ10 ఇంజనులోనూ యమహా చేయి ఉంది. జీటీ86లో ఉన్నది సుబారు ఇంజను, తయారైంది సుబారు కర్మాగారంలో. మనవాళ్లకు పాత సుప్రా అనగానే గుర్తొచ్చేది 1993లో వచ్చిన తరం, దానిలోని 2జేజెడ్ ఇంజను. ఇనుప దిమ్మెతో పోతపోసిన ఆ ఆరు సిలిండర్ల ఇంజను టొయోటా సొంతం కనుకనే ఆ పేరును బీఎమ్‌డబ్ల్యూ ఇంజనుతో చూడటం అభిమానులకు కష్టమైంది. ఆ బాధను నేను తక్కువ చేయను. కాని పాత సుప్రా 2002లో ఆగిపోయాక పదిహేడేళ్లపాటు కొత్తది రాలేదంటే, ఇంత తక్కువ అమ్ముడుపోయే కారు కోసం ఒక ఆరు సిలిండర్ల ఇంజనును మొదటినుంచి తయారు చేయడానికి లెక్క కుదరలేదనే అర్థం. పేరుకు తగ్గట్టు వరస ఆరు కావాలంటే, దాన్ని వదలకుండా పట్టుకున్న బవేరియావాళ్ల తలుపు తట్టక తప్పలేదు.

అసలు చూడాల్సింది ఎవరి భాగాలు అని కాదు, ఎవరి నిర్ణయాలు అని. పునాది కొలతలు కుదిరాక రెండు బృందాలూ విడిపోయి ఎవరి కారును వాళ్లు తీర్చుకున్నాయి. స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి, వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ ఎప్పుడు బిగుసుకోవాలి, స్టీరింగు ఎంత బరువుండాలి అన్నవి టొయోటావాళ్లు తేల్చుకున్నారు. ఆ తీర్పు చెప్పిన టెస్ట్ డ్రైవరు హెర్విగ్ డానెన్స్ బెల్జియం మనిషి. ఇలా చూస్తే మీ ఆఫీసువాళ్ల మాట ఇంకాస్త బలపడుతుందేమో, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

సందర్భం వచ్చింది కాబట్టి ఒకటి. తరవాత టొయోటా అధ్యక్షుడైన అకియో టొయోడా, తన గురువు, కంపెనీ టెస్ట్ డ్రైవరు హిరోము నారుసే దగ్గర జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో నడపడం నేర్చుకుంటున్న రోజుల్లో, మిగతా కంపెనీలు ఇంకా బయటికి రాని కొత్త కార్లతో దూసుకుపోతుంటే తమకు పాత సుప్రా తప్ప వేరే గతి లేకపోయిందని ఆయనే బహిరంగంగా చెప్పుకున్నారు. నారుసే 2010 జూన్‌లో ఆ ట్రాక్‌కు దగ్గరి రోడ్డు మీద ఎల్ఎఫ్ఏ నడుపుతూ ప్రమాదంలో పోయారు. ఇంజను ఎవరిదైనా సరే సుప్రా పేరు మళ్లీ రావాలని ఇక్కడ పట్టుబట్టడం వెనక ఆ జ్ఞాపకం కూడా ఉంది.

బుడ్డోడి నాన్న, ఫ్రాంక్‌ఫర్ట్:

అందరూ రెండు సీట్ల మాటే మాట్లాడుతున్నారు. నెకర్ ఒడ్డు గారికి బడికి వెళ్లే పిల్లవాడు ఉన్నాడన్న సంగతి మరిచిపోయారు. ఎం2 కాంపిటీషన్‌కు 410 హార్స్‌పవర్, ఆరు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు, వెనక రెండు సీట్లు ఉన్నాయి. ఆదివారం ఉదయం మీరు ఒంటరిగా తిరిగి వస్తే ఇంట్లో పలకరింపు ఒక రకంగా ఉంటుంది, వాణ్ని వెంట తీసుకెళితే ఇంకో రకంగా ఉంటుంది. 2,693 మిల్లీమీటర్ల వీల్‌బేస్ వల్ల అది సుప్రా అంత చటుక్కున తిరగదు కాని, అదే కారణంతో తోక జారినా తొందరపడదు. తడి రోడ్డు మీద 550 న్యూటన్ మీటర్లతో మర్యాదగా ఉండాలి, అంతే. మీరు భయపడ్డారంటే కారును సరిగ్గానే అర్థం చేసుకున్నారు.

ఆరు సిలిండర్ల ఆసామి, ఆగ్స్‌బుర్గ్:

బాటసారి గారితో ఒక విషయంలో ఏకీభవిస్తాను. ఇరుకు రోడ్డు మీద, అదీ వాన పడి ఆరుతున్నప్పుడు, ఆల్పీన్ వెంట పడటం సుప్రాకు సాధ్యం కాదు. ఒకసారి ఆల్‌గోయ్ కొండల్లో ఒక నీలం ఆల్పీన్ నా అద్దంలో కనిపించి, నాలుగు మలుపుల తరవాత నా ముందు కనిపించి, ఆ తరవాత ఎక్కడా కనిపించలేదు. కాని నేను ఆ కొండలకు చేరడానికి ముందు వంద కిలోమీటర్లు, తిరిగి రావడానికి మరో వంద ఆటోబాన్ మీద పోతాను. నా ఆదివారంలో ఎక్కువ భాగం అక్కడే గడుస్తుంది, ఆ భాగంలో సుప్రా ఎదుట ఈ మూడింటిలో ఏదీ నాకు అక్కర్లేదు.

కేమన్ చూసేటప్పుడు మరో సంగతి గమనించండి. పెట్రోలు 718 మామూలు రకాల అమ్మకాలు 2024 జూలైలో సైబర్ భద్రత నిబంధనల వల్ల ఐరోపా సమాఖ్యలో ఆగిపోయాయి. కొత్తది దొరకనప్పుడు మంచి పాతదానికి గిరాకీ ఉంటుంది, కాబట్టి బేరం ఆడే చోటు ఎక్కువ ఉండదు.

నెకర్ ఒడ్డు, స్టుట్‌గార్ట్:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పది రోజులు జవాబు రాయకపోవడానికి కారణం, మీ మాటలు చదివాక మళ్లీ బండ్లు నడపడానికి వెళ్లడమే. ఈసారి మా ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆల్పీన్‌లో బాటసారి గారు చెప్పిన సీటు దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. నాకు సరిపోయిన ఎత్తులో తనకు డాష్‌బోర్డు తప్ప రోడ్డు కనిపించలేదు, పానా తెచ్చి మార్చమని షోరూములో అడగడానికి మొహమాటపడ్డాము. అయినా నడిపినంతసేపూ ఆ కారు నన్ను వదల్లేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ రాళ్ల టకటక చెవిలో ఉంది. ఇంట్లో నేనొక్కణ్ణే నడిపేవాణ్ణయి ఉంటే ఈ పాటికి దానికే బయానా ఇచ్చేవాణ్ణేమో.

సుప్రాను, కేమన్‌ను ఒకే రోజు అద్దెకు తీసుకుని బాడెన్‌బాడెన్ నుంచి ఫ్రాయ్‌డెన్‌ష్టట్ వైపు వెళ్లే బీ500 రోడ్డు మీద మార్చి మార్చి నడిపాము. దొరికిన సుప్రా ఆటోమేటిక్, కాబట్టి పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. ఆసామి గారి కావడి మాట అక్కడ అర్థమైంది: ఎడమ మలుపు ముగియకముందే కుడి మలుపు మొదలైన చోట కేమన్ ఒక్క కదలికలో తిరిగింది, సుప్రా ఒక క్షణం ఊపిరి పీల్చుకుని తిరిగింది. కాని ఆ క్షణం తరవాత మలుపులోంచి బయటపడేటప్పుడు వెనక చక్రాలు నేలను తన్ని తోసిన తీరు, ఆ ఇంజను స్వరం, కేమన్‌లో నాకు దొరకలేదు. మా ఆవిడకు బానెట్ ఎక్కడ ముగుస్తుందో తెలియలేదట. పార్కింగులో రెండుసార్లు దిగి చూసి వచ్చింది, అయినా దారిలో నిద్రపోయింది మాత్రం సుప్రాలోనే.

ఆమె పెట్టిన పరీక్ష ఇంకొకటి ఉంది. వచ్చే దారిలో భారతీయ దుకాణం దగ్గర ఆగి ఇరవై కిలోల సోనా మసూరి సంచి కొన్నాము. సుప్రా డిక్కీకీ సీట్లకూ మధ్య గోడ లేదు, అడ్డంగా ఒక ఊచ మాత్రం ఉంది. సంచి దానికి ఆనుకుని కదలకుండా కూర్చుంది. కేమన్ ముందు డిక్కీ లోతుగా ఉంది, అందులోనూ పట్టేది కాని, ఎత్తి లోపలికి దించేటప్పుడు నడుము పట్టుకునేదని తేల్చేసింది. బుడ్డోడి నాన్న గారి మాట తనకు చదివి వినిపించాను. పిల్లవాణ్ని ఆ వేగంలో తీసుకెళ్లనివ్వనంది, కాబట్టి ఎం2 కథ అక్కడితో ముగిసింది.

ఆఫీసులో నగోయా తెలుగువాడు గారి వాదన చెప్పి చూశాను. అంతా విని, అయితే అది బెల్జియంవాడు తీర్చిన ఆస్ట్రియా కారన్నమాట అని ఒకాయన తేల్చాడు. ఇక ఆ చర్చ వదిలేశాను.

ఉల్మ్‌లో 2023లో రిజిస్టరైన మాన్యువల్ సుప్రా ఒకటుంది, ఒకే యజమానిది, ఎర్ర రంగు. శనివారం ఉదయం చూడటానికి వెళుతున్నాము. మేము వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని ఫోనులో అడిగాను, ఆయన ఏమీ అడ్డు చెప్పలేదు.